శ్వాసమార్గంలోని శైలికలను కాపాడుకోవడం ఎలా? విశాఖవాసుల కోసం

విశాఖపట్నంలో ఓడరేవుకు దగ్గరగా, జ్ఞానాపురం, కాన్వెంట్ కూడలి, పాత నగరం వైపు నివసించేవారికి ఉదయం కిటికీ గట్టు తుడిచినప్పుడు గుడ్డకు అంటుకునే నల్లని పొడి కొత్త విషయం కాదు. గట్టు మీది ధూళిని మనం తుడుస్తాం. అదే గాలిని రాత్రంతా పీల్చిన శ్వాసమార్గంలో పడిన ధూళిని మాత్రం, మన ప్రమేయం లేకుండానే, శైలికలు అనే అతి సూక్ష్మమైన నూగు తొలగిస్తుంది. ఈ పని ఆటంకం లేకుండా సాగాలంటే మనం చేయవలసినవీ, మానవలసినవీ కొన్ని ఉన్నాయి. వాటిలో మానవలసినవే ముఖ్యమైనవని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే శైలికలకు బలమిచ్చే టానిక్కు గానీ కషాయం గానీ ఏదీ లేదు. వాటికి హాని చేసేదాన్ని తొలగిస్తే అవి తమ పని తాము చేసుకుంటాయి. అందుకే ముందు మానవలసినవి చెప్పి, ఆ తర్వాతే చేయవలసిన వాటికి వస్తాను.

మొదట, లోపల జరిగే పనిని తెలుసుకోండి

ముక్కు లోపలి భాగంలోనూ, స్వరపేటిక దిగువన వాయునాళంలోనూ, దాని కొమ్మలైన శ్వాసనాళికలలోనూ, లోపలి పొరలోని కణాలలో అధిక భాగానికి పైవైపున శైలికలు ఉంటాయి. ఒక్కొక్క కణం మీద సుమారు 200 శైలికలు ఉంటాయి. ఒక్కొక్కటి 6 నుంచి 7 మైక్రోమీటర్ల పొడవు, అంటే మిల్లీమీటరులో నూరోవంతు కూడా ఉండదు. వాటి మధ్య ఉండే మరో రకం కణాలు, గోడలోని చిన్న గ్రంథులు కలిసి శ్లేష్మాన్ని తయారు చేస్తాయి. ఈ శ్లేష్మం శైలికల కొనల మీద పలుచని జిగట పొరగా పరుచుకొని, లోపలికి వచ్చిన ధూళినీ, పుప్పొడినీ, సూక్ష్మజీవులనూ పట్టుకుంటుంది. జిగట పొరకు అడుగున నీటిలాంటి పలుచని ద్రవం ఉంటుంది. శైలికలు కదలాడేది ఈ ద్రవంలోనే.

శైలిక సెకనుకు సుమారు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటుంది. ఒక దిశలో నిటారుగా, బిగువుగా కదిలి తన కొనతో శ్లేష్మాన్ని నెడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు వంగి, కింది ద్రవంలోంచి జారి, శ్లేష్మాన్ని వెనక్కు లాగకుండా మొదటి స్థానానికి చేరుతుంది. జాలారిపేట ఒడ్డున మత్స్యకారులు వల లాగేటప్పుడు చేతులు చాచి తాడు పట్టి, బలంగా వెనక్కు లాగి, పట్టు సడలించి మళ్లీ ముందుకు చాచినట్లే, ఒకరి తర్వాత ఒకరుగా వరుస తప్పకుండా ఈ పని సాగుతుంది. ఊపిరితిత్తులలోని శైలికలు శ్లేష్మాన్ని పైకి, గొంతు వైపు నెడతాయి. ముక్కులోనివి వెనక్కు, అదే గొంతు వైపు నెడతాయి. ముక్కులో ఈ ప్రయాణం నిమిషానికి సుమారు 5, 6 మిల్లీమీటర్ల వేగంతో సాగుతుంది. గొంతు చేరిన శ్లేష్మాన్ని మనం గమనించకుండానే మింగేస్తాం. అది తప్పు కాదు, ప్రమాదమూ కాదు. జీర్ణాశయంలోని ఆమ్లం అందులోని సూక్ష్మజీవులలో చాలావాటిని చంపేస్తుంది.

ఈ ఏర్పాటుకు ఒక హద్దు ఉంది. ఆక్సిజన్ రక్తంలోకి చేరే చోటైన వాయుగోణులలో శైలికలు లేవు. పది మైక్రోమీటర్లకు మించిన రేణువులు చాలావరకు ముక్కులోనే ఆగిపోతాయి, అంతకంటె చిన్నవి నాళికలలో చిక్కుతాయి, కానీ పీఎం 2.5 అని మనం వార్తల్లో వినే సన్నని ధూళిలో కొంత భాగం వాయుగోణుల దాకా వెళ్లిపోతుంది. అక్కడ దాన్ని మింగి తొలగించేది స్థూలభక్షక కణాలు, ఆ పని ఎంతో నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి సన్నని ధూళి విషయంలో శైలికల మీద భారం వేసి ఊరుకోకూడదు, అది లోపలికి రాకుండానే చూసుకోవాలి.

రెండవ పని: పొగను ఇంట్లోంచి పంపించండి

పొగాకు పొగలోని ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్, హైడ్రోజన్ సయనైడ్ వంటి పదార్థాలు శైలికల కదలికను మందగింపజేస్తాయి. ఏళ్ల తరబడి తాగేవారిలో శైలికలు పొట్టివవుతాయి, సంఖ్య తగ్గుతుంది, శ్లేష్మం తయారుచేసే కణాలు మాత్రం పెరుగుతాయి. నెట్టేవి తగ్గి, నెట్టవలసింది పెరిగితే మిగిలిన ఒకే దారి దగ్గు. పొగ తాగేవారికి లేవగానే వచ్చే దగ్గుకు కారణం ఇదే. సిగరెట్టుకు ఎంతో, బీడీకీ చుట్టకూ అంతే వర్తిస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీలలో, నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాని వల్ల అంగిలికి వచ్చే క్యాన్సరు గురించి వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఆ అలవాటు ఉంటే, ఈ వయసులో మానితే ఏమి లాభం అని వదిలేయకండి.

లాభం ఉంది. పొగ మానిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో శైలికలు మళ్లీ పెరిగి పనిలోకి వస్తాయి. ఆ తొలి వారాల్లో కొందరికి దగ్గు, కఫం పెరిగినట్లు అనిపిస్తుంది. మానడం వల్లే దగ్గు వచ్చిందనుకొని మళ్లీ వెలిగించేవారు ఉన్నారు. నిలిచిపోయిన కఫం కదులుతోందని ఇంట్లోవారు ధైర్యం చెప్పవలసిన సమయం అదే. సహాయం కావాలంటే 1800-11-2356 అనే జాతీయ పొగాకు విరమణ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పొగాకు ఒక్కటే కాదు, ఇంట్లో ఇతర పొగలు కూడా ఉన్నాయి. మూసిన గదిలో రాత్రంతా కాలే దోమల చుట్ట (మస్కిటో కాయిల్) వాటిలో మొదటిది. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒక దోమల చుట్ట పూర్తిగా కాలేసరికి వెలువడే పీఎం 2.5 ధూళి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వెలువడే దానితో సమానమని తేలింది. దోమతెర, కిటికీలకు జాలీ, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా చూసుకోవడం, ఇవే దానికి సరైన ప్రత్యామ్నాయాలు. రెండవది, చెప్పడానికి కొంత ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పనిది, పసిబిడ్డకు స్నానం చేయించాక వేసే సాంబ్రాణి పొగ. బిడ్డ శ్వాసనాళికలు సన్ననివి, వాటిలో కొద్దిపాటి వాపు వచ్చినా, కొద్దిగా శ్లేష్మం చేరినా దారి మూసుకుపోతుంది. తల ఆరడానికి మెత్తని పొడి గుడ్డ చాలు. పెద్దవారి మనసు నొచ్చుకోకుండా ఉండాలంటే సాంబ్రాణిని దేవుడి దగ్గర, తలుపులు తీసి, బిడ్డ లేని సమయంలో వేయమనండి. అగరుబత్తీలకూ ఇదే నియమం. వంటగదిలో ఎండుమిరపకాయల తాలింపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం ఎలాగూ చేస్తారు. తాలింపు అయ్యాక కూడా కొద్ది నిమిషాలు దాన్ని తిరగనివ్వండి.

మూడవ పని: బయటి ధూళికి ఎంత తక్కువగా ఎదురైతే అంత మంచిది

విశాఖ కొండల మధ్య గిన్నెలా ఒదిగిన నగరం. ఒకవైపు యారాడ కొండ, మరోవైపు కైలాసగిరి, సింహాచలం కొండలు ఉండగా, మధ్యలో ఓడరేవు, పరిశ్రమలు, రద్దీ రోడ్లు ఉన్నాయి. శీతాకాలపు రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా నిలవడంతో ధూళి పైకి పోకుండా కిందే ఆగుతుంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి నాణ్యత మెరుగుపరచవలసిన నగరాల జాబితాలో మన నగరం కూడా ఉంది. మన దేశ ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 10, అంటే పది మైక్రోమీటర్ల లోపు ధూళి, వంద మైక్రోగ్రాములకు, పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములకు మించకూడదు. ఏ రోజు ఎంత ఉందో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ అనే యాప్‌లో చూడవచ్చు.

చూసి ఏమి చేయాలి అన్నది ముఖ్యం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నడకకు వెళ్లే అలవాటు ఉంటే, సూర్యుడు వచ్చి నేల వేడెక్కి గాలి కదలడం మొదలయ్యాక బయలుదేరండి. రద్దీ రోడ్డు పక్కన నడవడం కంటె, ఉదయం వాహనాలను ఆపే బీచ్ రోడ్డు భాగంలో నడవడం మేలు. పగటిపూట గాలి సముద్రం నుంచి నగరం వైపు, రాత్రి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక, ఓడరేవుకు దగ్గరగా ఉన్నవారు మీ ఇంటికి ధూళి ఏ వేళలో ఎక్కువ వస్తోందో కొన్ని రోజులు గమనించి, ఆ వేళ ఆ వైపు కిటికీలు మూసి, మిగతా వేళల్లో తెరవండి. రోజంతా మూసి ఉంచడం సరికాదు. వంట పొగ, తేమ లోపలే ఉండిపోతాయి.

ఇల్లు ఊడ్చేటప్పుడు పొడి చీపురు సన్నని ధూళిని నేల మీది నుంచి గాలిలోకి లేపుతుంది, కాబట్టి ఓడరేవు పరిసరాల ఇళ్లలో తడిగుడ్డతో తుడవడమే మంచిది. బూజు దులిపేటప్పుడూ, సున్నం గీకేటప్పుడూ, బొగ్గు, సిమెంటు, ఎరువుల బస్తాల దగ్గర పనిచేసేటప్పుడూ ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే పెద్ద రేణువులే ఆగుతాయి. సన్నని ధూళిని ఆపాలంటే ఎన్ 95 మాస్కు, అంచులు ముఖానికి పూర్తిగా ఆనేలా, పెట్టుకోవాలి. గడ్డం ఉన్నచోట ఆ మాస్కు సరిగా ఆనదు. ఇక భోగి నాడు మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ వేయకండి, వేస్తున్నవారిని వారించండి.

నాల్గవ పని: శ్లేష్మం ఎండిపోకుండా చూడండి

శైలికల చుట్టూ ఉండే కింది ద్రవపు పొర మందం తగ్గితే అవి జిగట పొర బరువుకు వంగిపోయి కొట్టుకోలేవు. ముక్కు చేసే పనుల్లో ఒకటి లోపలికి వెళ్లే గాలిని తడిపి, వెచ్చబరచడం. నోటితో గాలి పీల్చేవారు ఆ సౌకర్యాన్ని పోగొట్టుకుంటారు. సముద్రతీరం కావడం వల్ల మన గాలిలో తేమకు కొరత లేదు, కానీ రోజుకు పది గంటలు ఏసీ గదిలో కూర్చునేవారి సంగతి వేరు. ఏసీని 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచి, జాలీని రెండు వారాలకొకసారి కడిగి, చల్లని గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూసుకోండి. నీరు దాహానికి సరిపడా తాగాలి. జ్వరంలోనూ, ఎండలోనూ ఎక్కువ తాగాలి. అంతకు మించి లీటర్ల కొద్దీ తాగితే కఫం పలుచబడుతుందని అనుకోవడానికి గట్టి ఆధారం లేదు. గోరువెచ్చని నీళ్లు, చారు, పలుచని మజ్జిగ, ఏది మీకు హాయిగా ఉంటే అది తాగండి.

ధూళిలో పనిచేసేవారికీ, తరచు ముక్కు దిబ్బడ పట్టేవారికీ ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం నిజంగా ఉపయోగపడుతుంది. చేసే విధానం ఇది.

నీటిని బాగా తెర్లనిచ్చి, తెర్లుతుండగా కనీసం ఒక నిమిషం ఉంచి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చండి. కుళాయి నీరు, బోరు నీరు, ఆర్వో క్యాను నీరు, ఏదైనా సరే, కాచకుండా ముక్కులో పోయకూడదు. మెదడుకు ప్రాణాంతకమైన వ్యాధి తెచ్చే ఒక అమీబా ముక్కు ద్వారానే ప్రవేశిస్తుంది. కేరళలో 2024లో అటువంటి కేసులు బయటపడ్డాయి. పావు లీటరు నీటికి సుమారు 2.25 గ్రాముల ఉప్పు, అంటే చదునుగా నింపిన టీ చెంచాలో సగానికి కొంచెం తక్కువ, కలపండి. అయోడిన్ కలపని ఉప్పయితే ముక్కు మండదు. మందుల దుకాణంలో దొరికే కొలిచిన పొట్లాలు వాడితే పాళ్ల బెంగ ఉండదు. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, నోటితో గాలి పీలుస్తూ, పైవైపు ముక్కు రంధ్రంలో నెమ్మదిగా పోయండి. కిందివైపు రంధ్రం నుంచి బయటికి వస్తుంది. రెండో వైపూ అలాగే చేసి, నెమ్మదిగా చీదండి. గట్టిగా చీదితే నీరు చెవుల వైపు పోతుంది. పాత్రను కడిగి పూర్తిగా ఆరబెట్టండి. చెవి నొప్పి ఉన్నప్పుడూ, ముక్కు పూర్తిగా మూసుకుపోయినప్పుడూ, ముక్కుకు శస్త్రచికిత్స జరిగిన కొత్తలోనూ వైద్యుణ్ణి అడగకుండా చేయవద్దు.

ఆవిరి పట్టడం మన ఇళ్లలో మొదట గుర్తుకొచ్చే వైద్యం. దాని వల్ల కాసేపు హాయిగా ఉంటుంది, అంతకు మించి శైలికలకు మేలు జరుగుతుందని చెప్పలేం. వేడి నీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి పిల్లలు కాలడం మాత్రం నిజంగా జరిగేదే. చిన్నపిల్లలకు ఆవిరి పట్టించకండి. ముక్కు దిబ్బడ తగ్గడానికి వేసే మందు చుక్కలను కూడా మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడకూడదు, మించితే దిబ్బడ మరింత గట్టిగా తిరిగి వస్తుంది.

ఐదవ పని: శైలికలు అలసినప్పుడు కఫాన్ని మీరే పైకి తీసుకురండి

జలుబు ముదిరినప్పుడూ, చిరకాల శ్వాసకోశ వ్యాధి ఉన్నవారిలోనూ శైలికల శక్తికి మించి కఫం తయారవుతుంది. అప్పుడు కఫంతో వచ్చే దగ్గును మందుతో అణచడం వచ్చిన సహాయాన్ని వెళ్లగొట్టడమే. నిద్ర పట్టనివ్వని పొడి దగ్గు వేరు, కఫంతో వచ్చే దగ్గు వేరు. దుకాణంలో దగ్గు మందు అడిగేటప్పుడు ఏ దగ్గో తప్పక చెప్పండి. అయితే గుక్క తిప్పుకోకుండా దగ్గడం వల్ల గొంతు పుండవుతుందే గాని కఫం రాదు. దానికి బదులు ఫిజియోథెరపిస్టులు నేర్పే పద్ధతి ఒకటి ఉంది.

నిటారుగా కూర్చొని, భుజాలు వదులుగా ఉంచి, పొట్ట కదిలేలా నాలుగైదు సార్లు మామూలుగా గాలి పీల్చి వదలండి. తర్వాత మూడు నాలుగు సార్లు నిండుగా పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి, నెమ్మదిగా వదలండి; ఆపిన సమయంలో గాలి కఫం వెనుకకు చేరుతుంది. మళ్లీ మామూలు శ్వాసకు రండి. ఇప్పుడు సగం గాలి పీల్చి, నోరు, గొంతు తెరిచి, కళ్లజోడు అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా, కానీ వేగంగా, హా అంటూ వదలండి. ఒకటి రెండు సార్లు ఇలా చేస్తే లోతున ఉన్న కఫం పైకి జరుగుతుంది. అది పైకి వచ్చినట్లు గరగరమని తెలిసినప్పుడు, నిండుగా పీల్చి ఒకసారి పొట్టిగా హా అని, ఒక్క దగ్గు దగ్గి, కాగితపు రుమాలులో ఉమ్మి, దాన్ని మూతగల చెత్తబుట్టలో వేయండి. కొద్దిసేపు విశ్రాంతి తీసుకొని మళ్లీ మొదటి నుంచి చేయండి. సుమారు పది నిమిషాలు చాలు. తల తిరిగితే ఆపండి. ఉబ్బసం ఉన్నవారు వైద్యుడు రాసిన ఇన్‌హేలర్ వాడిన కొద్దిసేపటికి చేస్తే కఫం తేలికగా కదులుతుంది.

జలుబు తగ్గాక ఓపిక పట్టండి

ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌లు శైలికలున్న కణాలనే దెబ్బతీస్తాయి. జ్వరం వారంలో తగ్గినా, కొత్త కణాలు పుట్టి, వాటికి శైలికలు మొలిచేసరికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే దగ్గు మూడు వారాలైనా పోలేదని రెండో, మూడో యాంటీబయాటిక్ మార్చడం తొందరపాటు. కఫం పసుపుగా ఉండటం ఒక్కటే యాంటీబయాటిక్ వాడటానికి కారణం కాదు. ఆ వారాల్లో లోపలి దారికి కాపలా తక్కువగా ఉంటుంది కనుక బాక్టీరియా తేలికగా స్థిరపడగలదు. జ్వరం తగ్గి, రెండు మూడు రోజులు బాగుండి, మళ్లీ జ్వరంతో, ఛాతీ నొప్పితో, ఆయాసంతో తిరగబెడితే ఆలస్యం చేయకండి. కోరింత దగ్గు బాక్టీరియా నేరుగా శైలికలకే అంటుకొని, ఆ కణాలను చంపుతుంది. అందుకే ఆ దగ్గు నెలల తరబడి ఉంటుంది. బిడ్డకు 6, 10, 14 వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకాలోనూ, 16 నుంచి 24 నెలల మధ్య, 5 నుంచి 6 ఏళ్ల మధ్య ఇచ్చే డీపీటీ బూస్టర్లలోనూ దానికి రక్షణ ఉంది. బూస్టర్లు మరిచిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి, మీ బిడ్డ కార్డు తీసి చూడండి.

వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించుకోండి, అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) గానీ, వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి గానీ వెళ్లవచ్చు. కఫంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఆయాసం ఉంటే రెండు వారాలు కూడా ఆగవద్దు.

పిల్లల విషయంలో ఇంకొకటి గమనించాలి. నెలలు నిండి పుట్టినా మొదటి రోజుల్లోనే ఊపిరి కష్టమై, పుట్టినప్పటి నుంచి ఏ కాలంలోనూ ఆగకుండా ముక్కు కారుతూ, తడి దగ్గుతో, మాటిమాటికీ చెవి చీముతో బాధపడే బిడ్డకు అలర్జీ అని సర్దుకుపోకండి. శైలికలు పుట్టుకతోనే కదలని వ్యాధి ఒకటి ఉంది. శైలిక లోపల దాన్ని కదిలించే డైనీన్ అనే ప్రోటీనుతో ఏర్పడిన చేతుల్లాంటి భాగాలు ఈ రోగులలో లోపించాయని 1976లో స్వీడన్ శాస్త్రవేత్త బ్యోర్న్ అఫ్‌జీలియస్ చూపించారు. ఈ వ్యాధి ఉన్నవారిలో సుమారు సగం మందికి గుండె కుడివైపున, కాలేయం ఎడమవైపున ఉంటాయి, ఎందుకంటే గర్భంలో అవయవాలు ఏ వైపు అమరాలో నిర్ణయించడంలోనూ శైలికలకు పాత్ర ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువులు కలిసినప్పుడే చాలావరకు ఇది వస్తుంది కాబట్టి మేనరికపు పెళ్లిళ్లలో దీని అవకాశం పెరుగుతుంది. మీది మేనరికమైతే ఆ సంగతి వైద్యుడికి దాచకుండా చెప్పండి, బిడ్డ పాత ఎక్స్‌రేలన్నీ వెంట తీసుకెళ్లండి, గుండె ఏ వైపు ఉందో చూడమని అడగండి. నిర్ధారణ అయితే నయం చేసే మందు ఇంకా లేదు, కానీ పైన చెప్పిన హా పద్ధతిని వయసుకు తగినట్లు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకొని రోజుకు రెండుసార్లు చేయిస్తూ, టీకాలు, చెవి పరీక్షలు తప్పకుండా చూసుకుంటే ఊపిరితిత్తులు దెబ్బతినడాన్ని ఎన్నో ఏళ్లు వెనక్కు నెట్టవచ్చు. అందుకే ఆ అనుమానం ఎంత చిన్న వయసులో వస్తే అంత మంచిది.